చూస్తూ నిలబడ్డవాళ్లకు ఏం చేయాలో ముందే చెబుదాం

సంపాదకుల వారికి,

నడిబజార్లో ఎవరి మీదైనా దాడి జరిగితే మర్నాటి పేపర్లో రెండు మాటలు తప్పక కనిపిస్తాయి. చుట్టూ జనం ఉన్నా ఒక్కరూ అడ్డుకోలేదన్నది మొదటిది. మానవత్వం మంటగలిసిందన్నది రెండోది. మొదటి మాట చాలాసార్లు సగమే నిజం. రెండో మాట వల్ల రేపు అదే సెంటర్లో నిలబడే మనిషికి ఒరిగేదేమీ లేదు. క్రిమినల్ కోర్టుల్లో పనిచేసే ముగ్గురు న్యాయవాదులం, క్యాజువాల్టీలో పనిచేసే ఒక వైద్యురాలు కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. అక్కడ నిలబడ్డవాళ్లలో చాలామందికి జాలి ఉంటుంది, కోపమూ ఉంటుంది. ఏం చేయాలో, చేస్తే తమ మీదకు ఏమొస్తుందో మాత్రం తెలియదు. ఆ రెండూ ముందే చెప్పి ఉంచాల్సిన విషయాలు.

2021 ఆగస్టు 15న గుంటూరు కాకాని రోడ్డులో ఒక బీటెక్ విద్యార్థినిని పట్టపగలు కత్తితో పొడిచి చంపారు. దాడి సీసీ కెమెరాలో రికార్డయింది. 2022 ఏప్రిల్ 29న గుంటూరులోని ప్రత్యేక కోర్టు దోషికి మరణశిక్ష విధించింది. దాడి జరిగిన తొమ్మిది నెలల్లోపే తీర్పు వచ్చింది. ఆ ప్రాణం మాత్రం తిరిగి రాలేదు. కెమెరా సాక్ష్యం చెప్పగలదు కానీ కేక వేయలేదు, కుర్చీ అడ్డం పెట్టలేదు, కారుతున్న రక్తాన్ని అదిమి పట్టలేదు. ఆ పనులు అక్కడున్న మనుషులే చేయాలి.

మనుషులు ఎందుకు ఆగిపోతారన్నది ఊహించి చెప్పాల్సిన పని లేదు, దాని మీద పరిశోధనలున్నాయి. 1964లో న్యూయార్క్‌లో ఒక యువతి హత్యను 38 మంది చూస్తూ ఊరుకున్నారని అక్కడి పత్రిక రాసింది. ఆ అంకె పెంచి రాసిందేనని తర్వాత తేలింది గానీ, ఆ వార్త చదివిన డార్లీ, లటానే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1968లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. పక్క గదిలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు వినిపించినప్పుడు, విన్నది తానొక్కడినే అనుకున్నవారిలో 85 శాతం మంది సాయానికి కదిలారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవారిలో కదిలింది 31 శాతమే. ఎవరో ఒకరు ఫోన్ చేసే ఉంటారులే అని అందరూ అనుకోవడం వల్ల ఎవరూ చేయకుండా పోయే ప్రమాదం నిజమైనదే. అయితే ఆమ్‌స్టర్‌డామ్, లాంకాస్టర్, కేప్‌టౌన్ నగరాల్లో 219 వీధి గొడవల సీసీ ఫుటేజీని పరిశీలించిన అధ్యయనం ఒకటి 2019లో వచ్చింది. పదింట తొమ్మిది గొడవల్లో కనీసం ఒక్కరైనా కలగజేసుకున్నారు. జనం పెరిగేకొద్దీ ఎవరో ఒకరు ముందుకొచ్చే అవకాశం కూడా పెరిగింది. కాబట్టి జనం ఉన్నచోట సాయం దొరకదని ముందే తీర్మానించుకోనక్కర్లేదు. మొదటి మనిషి కదలాలి, మిగతావాళ్లకు పని చెప్పాలి.

పని చెప్పడమంటే "ఎవరైనా పోలీసులకు ఫోన్ చేయండి" అని గుంపుకేసి అరవడం కాదు. ఒక మనిషిని చేత్తో చూపించి చెప్పాలి. "నీలం చొక్కా అన్నా, 112కి ఫోన్ చెయ్యి. బజ్జీల బండి బాబాయ్, ఆ బకెట్ నీళ్లు పట్రా. అమ్మా, మీరు ఈ పాపను దుకాణంలోకి తీసుకెళ్లండి." పేరో గుర్తో పెట్టి పిలిచిన మనిషికి తప్పించుకునే దారి ఉండదు. అతను కదిలితే పక్కవాడూ కదులుతాడు.

112కి ఫోన్ చేసినప్పుడు ముందు స్థలం చెప్పండి, జరిగింది తర్వాత. లైన్ మధ్యలో తెగిపోయినా స్థలం తెలిస్తే బండి బయల్దేరుతుంది. విజయవాడ, గుంటూరు, మన రెండు ఊళ్లలోనూ స్థలం చెప్పడంలోనే తడబాటు ఎక్కువ. విజయవాడలో "బెంజ్ సర్కిల్ దగ్గర" అంటే ఫ్లైఓవర్ పైనా, కిందా, ఏ రోడ్డు వైపు? దుకాణం బోర్డు మీద డోర్ నంబర్ ఉంటుంది, దాన్ని ఉన్నదున్నట్టు చదవండి. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో లైను, అడ్డరోడ్డు రెండూ చెప్పాలి. నాలుగో లైను అని ఆగిపోతే ఆ లైను పొడవునా వెతకాలి, నాలుగో లైను ఏడో అడ్డరోడ్డు అంటే నేరుగా వస్తారు. ఫ్లైఓవర్ కింద పిల్లర్ నంబర్, హైవే మీద కిలోమీటరు రాయి, బస్టాండులో ప్లాట్‌ఫాం నంబర్ చెప్పండి. కదులుతున్న బస్సయితే ఏ డిపో, ఏ ఊరి సర్వీసు, చివరగా దాటిన స్టాపు ఏదో చెప్పాలి. రైల్లో అయితే 139. ఆ తర్వాత ఎంతమంది, చేతిలో ఏముంది, ఎవరికి దెబ్బ తగిలింది, ఎటు పారిపోయారు. అవతలివాళ్లు పెట్టేసేదాకా ఫోన్ పెట్టేయకండి. రక్తం కారుతుంటే అంబులెన్సు కావాలని అదే కాల్‌లో చెప్పండి, లేదంటే రెండో మనిషితో 108కి చేయించండి.

చాలా నేరాల్లో కత్తి దాకా రాకముందే ఆపే అవకాశం ఉంటుంది. బస్టాపులో ఒకడు అమ్మాయి వెంటపడుతుంటే వాడితో వాదన పెట్టుకోనక్కర్లేదు. అమ్మాయి దగ్గరికి వెళ్లి తెలిసినవాళ్లలా మాట కలపండి. "ఏమ్మా, ఇంకా ఇక్కడే ఉన్నావా, నాన్న ఎదురు చూస్తున్నాడు, పద." ఆమెకు విషయం అర్థమవుతుంది, వాడికి ఆమె ఒంటరి కాదని తెలుస్తుంది. వాడివైపు చూడకుండా, ఆమెకూ వాడికీ మధ్యలో నిలబడండి. బస్సులో అయితే డ్రైవర్‌కు చెప్పి, దారిలో ఉన్న పోలీస్ స్టేషన్ ముందు ఆపించండి. గొడవ సద్దుమణిగాక ఆమెను అలా వదిలేసి వెళ్లకండి. ఆటో ఎక్కించి, ఆటో నంబర్ ఫొటో తీసి ఆమె ఫోన్‌కే పంపించండి.

"వాళ్లిద్దరూ మొగుడూ పెళ్లాలేమో, మనకెందుకు" అన్న అనుమానం దగ్గర ఆగిపోయేవాళ్లు చాలామంది. 1976లో అమెరికాలో ఒక పరిశోధన కోసం మగవాడు ఆడమనిషి మీద దాడి చేస్తున్నట్టు నటింపజేశారు. "నువ్వెవరో నాకు తెలియదు" అని ఆమె అరిచినప్పుడు చూసినవాళ్లలో 65 శాతం మంది అడ్డుపడ్డారు. "నిన్నెందుకు పెళ్లి చేసుకున్నానో" అని అరిచినప్పుడు 19 శాతమే. కాబట్టి దాడికి గురైనవాళ్లు గట్టిగా అరవాల్సిన మాట "ఇతనెవరో నాకు తెలియదు, పోలీసుల్ని పిలవండి" అన్నది. చూసేవాళ్లు అడగాల్సింది ఆమెను, అతన్ని కాదు: "అమ్మా, ఇతను నీకు తెలుసా? సాయం కావాలా?" తెలిసినవాడే అయినా, కట్టుకున్నవాడే అయినా కొట్టే హక్కు లేదు. గృహహింస చట్టం 2005లోని 4వ సెక్షన్ ప్రకారం పక్కింటివాళ్లు కూడా ఆ చట్టం కింద నియమించిన ప్రొటెక్షన్ అధికారికి సమాచారం ఇవ్వవచ్చు. సద్భావంతో ఇచ్చిన సమాచారానికి సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ ఉండదు. అపార్ట్‌మెంట్లో పక్క ఫ్లాటు నుంచి అరుపులు వినిపిస్తే బెల్ కొట్టి "అక్కా, పాలలోకి కాస్త తోడు ఉందా?" అని అడిగినా ఆ నిమిషానికి చెయ్యి ఆగుతుంది. ఆమె ముఖం చూడగలుగుతారు. తర్వాత మహిళా హెల్ప్‌లైన్ 181కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

కత్తి ఉన్నప్పుడు లెక్క వేరు. కత్తి పట్టిన మనిషి 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకన్లలో దాటేస్తాడన్నది పోలీసు శిక్షణలో చెప్పే లెక్క. అందుకని ఒంటరిగా, ఉత్త చేతులతో మీదకు ఉరకడం వద్దు. చప్పుడు చేయండి. నాలుగు ఆటోలు ఆపకుండా హారన్ మోగిస్తే, షట్టర్లు దబదబా బాదితే దాడి చేసేవాడి ధ్యాస చెదురుతుంది. ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు వాడివైపు ఉండేలా పట్టుకుని ఇద్దరు ముగ్గురు చెరోవైపు నుంచి వెళ్లడం, బైక్‌నో తోపుడు బండినో మధ్యలోకి నెట్టడం పనికొస్తాయి. కత్తి ఉన్న చేతిని పట్టుకోబోతే ముందు మీ వేళ్లే తెగుతాయి. బాధితురాలు లేవగలిగితే దగ్గరి దుకాణంలోకి లాగి షట్టర్ సగానికి దించండి. దుకాణదారులు తలుపు వేసుకుని లోపల కూర్చోవడం కంటే, ఒక మనిషి దూరేంత తెరిచి పెట్టి "లోపలికి రామ్మా" అని కేక వేయడం ఎంతో మేలు. గొలుసు దొంగతనంలో కదులుతున్న బైక్‌ను పట్టుకుని లాగొద్దు, మెడలో గొలుసున్న మనిషి కూడా దాంతోపాటు ఈడ్చుకుపోతుంది. బండి నంబర్ దొరక్కపోతే బండి రంగు, సొట్టలు, స్టిక్కర్లు, వెనక కూర్చున్నవాడి చెప్పులు గుర్తు పెట్టుకోండి. చొక్కా సందు తిరగ్గానే మారుస్తారు, చెప్పులు సాధారణంగా మార్చరు.

అడ్డుపడితే తిరిగి మన మీదే కేసు పెడతారన్న భయం గురించి వివరంగా చెప్పాలి. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణకు సంబంధించినవి. 35వ సెక్షన్ ప్రకారం ఈ హక్కు మీ శరీరానికే కాదు, ముక్కూ మొహం తెలియని మరో మనిషి శరీరానికీ వర్తిస్తుంది. ప్రాణం పోతుందన్న భయం, తీవ్ర గాయం, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి వంటి సందర్భాల్లో అడ్డుకునే ప్రయత్నంలో దాడి చేసినవాడి ప్రాణం పోయినా 38వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. హద్దు కూడా ఉంది. ఆపడానికి ఎంత బలం అవసరమో అంతే వాడాలి. వాడు కత్తి పారేసి కింద పడ్డాక తగిలే ప్రతి దెబ్బా మీ నేరమే.

పట్టుకున్న మనిషిని కొట్టడం మా అనుభవంలో ఎన్నో మంచి కేసుల్ని పాడుచేసింది. "స్థానికులు దేహశుద్ధి చేసి పోలీసులకు అప్పగించారు" అని పేపర్లు ఘనకార్యంలా రాస్తుంటాయి. ఆ దెబ్బలన్నీ వైద్య పరీక్షలో నమోదవుతాయి. కొట్టి ఒప్పించారని డిఫెన్సు వాదిస్తుంది, సాక్షులుగా రావాల్సినవాళ్లు తామే నిందితులవుతామని ముఖం చాటేస్తారు. అయిదుగురు లేదా అంతకు మించి గుంపుగా చేరి జాతి, కులం, భాష, పుట్టిన ఊరు, నమ్మకం లాంటి కారణంతో ఒకణ్ణి చంపితే న్యాయ సంహిత 103వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ కింద ఆ గుంపులో ప్రతి ఒక్కరికీ మరణశిక్ష లేదా యావజ్జీవం పడవచ్చు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వచ్చిన పుకార్లు నమ్మి దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. వాళ్ల మీద చెయ్యి చేసుకున్న చాలామంది తాము నేరాన్ని ఆపుతున్నామనే అనుకున్నారు.

పట్టుకునే అధికారం మామూలు పౌరుడికి ఉంది. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం, కళ్లముందే జరిగిన నేరం కాగ్నిజబుల్ (వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగలిగేది), నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా రానిది) రెండూ అయితే ఎవరైనా పట్టుకోవచ్చు. వృథా జాప్యం లేకుండా, ఎట్టి పరిస్థితిలోనూ ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. పట్టుకున్న సమయం రాసి పెట్టుకోండి. నేల మీద కూర్చోబెట్టండి. బోర్లా పడుకోబెట్టి వీపు మీద మోకాలు పెడితే ఊపిరాడక చనిపోవచ్చు, అది హత్య కేసు దాకా వెళ్తుంది. మెడకు తాడు వేయొద్దు, జేబులు వెతకొద్దు, ఫోన్ లాక్కోవద్దు. పడిపోయిన కత్తిని చేత్తో తీయొద్దు, దాని మీద బకెట్‌ బోర్లించి పక్కన ఒక మనిషిని కాపలా పెట్టండి.

గాయం సంగతి. ఒంట్లో దిగిన కత్తిని పీకొద్దు, అది రక్తనాళాన్ని మూసి ఉంచుతూ ఉండవచ్చు. చుట్టూ గుడ్డలు పెట్టి కదలకుండా పట్టుకోండి. కత్తి లేని గాయమైతే చున్నీనో తువ్వాలునో అరచేతి మందాన మడిచి గాయం మీద పెట్టి, మోచేతులు నిటారుగా ఉంచి ఒంటి బరువంతా వేసి అదమండి. ఆగిందో లేదో చూద్దామని మధ్యలో ఎత్తొద్దు. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకోటి పెట్టండి. చేతి నుంచో కాలి నుంచో రక్తం చిమ్ముతూ, అదిమినా ఆగకపోతే గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద కాకుండా, రెండంగుళాల వెడల్పు గుడ్డతో కట్టి పుల్లో స్పానరో దూర్చి రక్తం ఆగేదాకా మెలి తిప్పండి. సన్నటి తాడు కండను కోస్తుంది, అది వాడొద్దు. కట్టిన సమయం నుదుటి మీద పెన్నుతో రాయండి, ఆసుపత్రి చేరేదాకా విప్పొద్దు. కడుపులో పోటు పడినవాళ్లకు నీళ్లు తాగించొద్దు, బయటికొచ్చిన పేగుల్ని లోపలికి నెట్టొద్దు, శుభ్రమైన తడిగుడ్డ కప్పండి. యాసిడ్ పడితే కనీసం 20 నిమిషాలు ధారగా నీళ్లు పోయాలి. ప్రతి దుకాణంలోనూ 20 లీటర్ల వాటర్ టిన్ ఉంటుంది, ఒకటి చాలదు, వరుసలో ఉన్న దుకాణాలన్నిటి నుంచీ తెప్పించండి. యాసిడ్ తడిసిన బట్టల్ని కత్తిరించి తీసేయండి, తల మీదుగా లాగొద్దు. పోలీసు కాగితం వస్తేనే చేర్చుకుంటామని ఆసుపత్రి అనకూడదు. పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే ఈ విషయం తేల్చింది. యాసిడ్, అత్యాచార బాధితులకు ప్రైవేటు ఆసుపత్రులు కూడా వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి. నిరాకరిస్తే ఏడాది దాకా జైలు ఉంది.

వీడియో తీయడాన్ని మేం తప్పు పట్టం. చేయాల్సిన మిగతా పనులకు మనుషులు దొరికాక ఒక్కరు తీస్తే చాలు. ఫోన్ అడ్డంగా పట్టుకుని ఆపకుండా తీయండి, తేదీ, సమయం, చోటు నోటితో చెప్పండి, దాడి చేసినవాడి ముఖం, వచ్చిన బండి చూపండి. గ్రూపుల్లో పెట్టొద్దు. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెడితే న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి, అసలు ఫైలును ఫోన్‌లోంచి తీసేయకండి. కోర్టులో దాన్ని పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తు) కూడిన సర్టిఫికెట్ కావాలి, అది దర్యాప్తు అధికారి చేయించే పని.

సీసీ కెమెరాలున్న దుకాణదారులకు ఒక ముఖ్యమైన మాట. కెమెరా దృశ్యాల్ని రికార్డు చేసే డీవీఆర్ పెట్టె లోపలుండే బిళ్ల బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం తప్పుతుంది. దాడి పొద్దున జరిగితే ఫుటేజీ మీద అర్ధరాత్రి అని ఉంటుంది. ఆ ఒక్క తేడా పట్టుకుని క్రాస్ ఎగ్జామినేషన్‌లో గంట నడిపించవచ్చు. నెలకోసారి టైము చూసుకోండి, బ్యాటరీ ఖరీదు ఎంతో కాదు. తేడా ఉందని నేరం జరిగాక తెలిస్తే దిద్దొద్దు. మానిటర్ పక్కన మీ ఫోన్ గడియారం పెట్టి రెండూ కనిపించేలా ఫొటో తీసి పోలీసులకు ఇవ్వండి. హార్డ్ డిస్క్ సైజును బట్టి పాత ఫుటేజీ వారానికో నెలకో చెరిగిపోతుంది, కాబట్టి అడిగేదాకా ఆగకుండా అదే రోజు ఆ భాగాన్ని పెన్‌డ్రైవ్‌లోకి తీసి ఉంచండి.

ఇక సాక్ష్యం. చూసింది చూసినట్టు పది నిమిషాల్లోపు కాగితం మీద రాసుకోండి, పక్కవాళ్లతో చర్చించకముందే. దర్యాప్తులో పోలీసులు మీ వాంగ్మూలం రాసుకుంటారు, దాని మీద మీరు సంతకం పెట్టకూడదు, పెట్టమన్నా పెట్టకండి. మహిళల్ని, 15 ఏళ్లలోపు పిల్లల్ని, 60 దాటినవారిని, దివ్యాంగుల్ని, తీవ్ర జబ్బుతో ఉన్నవారిని స్టేషన్‌కు రమ్మని బలవంతం చేయడానికి లేదు, ఇంటికే వచ్చి అడగాలి. ఏ స్టేషన్ పరిధి అన్నదానితో పని లేకుండా జీరో ఎఫ్ఐఆర్ కట్టాలి. బెదిరింపులు వస్తే 2018 నాటి సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు. జిల్లా సెషన్స్ జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీ దాన్ని తేలుస్తుంది. ఈ పథకం ఉందని కేసుల్లో సాక్షులుగా ఉన్నవాళ్లకే చెప్పే నాథుడు లేడు.

చట్టం ఇప్పుడు మన మీద మోపిన బాధ్యత ఎంత? ఫ్రాన్స్‌లో తనకు ప్రమాదం లేకుండా ఆపగలిగిన తీవ్ర నేరాన్ని ఆపకపోవడమే నేరం, అయిదేళ్ల దాకా శిక్ష ఉంది. మన దగ్గర అలాంటి సాధారణ బాధ్యత లేదు. సురక్షా సంహిత 33వ సెక్షన్ హత్య, దోపిడీ వంటి కొన్ని నేరాల గురించి తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలంటుంది. పిల్లలపై లైంగిక నేరమైతే పోక్సో 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ చెప్పాలి, చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. పెద్దవాళ్లపై అత్యాచారం మాత్రం ఆ 33వ సెక్షన్ జాబితాలో లేదు. చేర్చే ముందు బాధితురాలి ఇష్టానికి ఎంత చోటివ్వాలో ఆలోచించాలి గానీ, కళ్లముందు జరుగుతున్న అత్యాచారం గురించి కూడా చెప్పనక్కర్లేదనడం ఏ రకంగానూ సమర్థించలేం.

రోడ్డు ప్రమాదంలో పడ్డవాణ్ణి ఆసుపత్రికి చేర్చిన మనిషికి మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తోంది. పేరు చెప్పమని బలవంతపెట్టరు, సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదు. రాహ్‌వీర్ పథకం కింద 25,000 రూపాయల బహుమతి కూడా ఉంది. అదే బందరు రోడ్డులో కత్తిపోట్లు తిన్న మనిషిని అదే ఆటోలో, అదే ఆసుపత్రికి చేర్చినవాడికి ఈ సెక్షన్ వర్తించదు. ఆసుపత్రి గేటు దగ్గరే "నువ్వెవరు, నీకేం సంబంధం" అన్న ప్రశ్న మొదలవుతుంది. ఈ రక్షణను నేరాల బాధితులకు సాయం చేసేవారికీ విస్తరించాలని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి. అంతదాకా ఆగకుండా, నేరబాధితుణ్ణి తెచ్చినవారిని పేరు, ఫోన్ నంబర్ వాళ్లంతట వాళ్లిస్తే తప్ప ఆపకూడదని ఎన్టీఆర్ జిల్లా, గుంటూరు జిల్లా పోలీసు అధికారులు ఒక సర్క్యులర్ ఇచ్చి, తెలుగులో రెండు ప్రభుత్వాసుపత్రుల క్యాజువాల్టీ గోడల మీద అంటించవచ్చు. నగరపాలక సంస్థలు ప్రతి వీధి దీపం స్తంభం మీదా వీధి పేరు, వరుస నంబర్ పెయింట్ చేయించి, ఆ జాబితాను 112 కంట్రోల్ రూముకు ఇవ్వాలి.

మీ పత్రికకూ ఒక విన్నపం. దాడి వార్త వేసిన ప్రతిసారీ దాని పక్కన చిన్న పెట్టెలో 112, 181, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్లు వేయండి, అడ్డుపడ్డవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు ఏం చేశారో వివరంగా రాయండి. వాళ్ల పేరు, ఫొటో మాత్రం వాళ్లు ఒప్పుకుంటేనే వేయండి. నిందితుడికి బెయిలొచ్చే రోజుకు ఆ పేపర్ వాడి చేతిలో కూడా ఉంటుంది.

— ముగ్గురు న్యాయవాదులు, ఒక క్యాజువాల్టీ వైద్యురాలు
విజయవాడ